ఒండ్రంతా ఒకే రంగు వేసిన పటంలో బంకమట్టి గీత ఎక్కడ గీయాలి?

మిగతావాళ్లకు కూడా అర్థమవ్వాలి కాబట్టి ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెప్తాను. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం కైకలూరు, ఆకివీడు చుట్టుపక్కల ఒక ముక్క ఇచ్చారు. స్కేలు 1:50,000. పాత భూగర్భ పటంలో ఆ ముక్కంతా ఒకటే లేత పసుపు, పక్కన 'ఒండ్రు' అని ఒక్క మాట. అందులోంచి బంకమట్టిని విడదీసి చూపించమన్నారు. శాటిలైట్ చిత్రంలో వరి, చేపల చెరువులు తప్ప ఏమీ తెలియడం లేదు. గీత ఎక్కడ గీయాలి, ఎన్ని బోర్లు వేయాలి?

బోర్ల లెక్క చివర చెప్తాను. 'బంకమట్టి ఎక్కడుంది' అని వెతుక్కుంటూ వెళ్తే మీ ముక్కలో ముప్పాతిక భాగం బంకమట్టే అని తేలుతుంది, పటం మళ్లీ ఒకే రంగులోకి వస్తుంది. వెతకాల్సింది ఆ బంక అక్కడికి ఎలా చేరిందనేది. వరద తెచ్చి దించిందా, సముద్రపు పోటు తెచ్చిందా, నిలవ నీటి అడుగున నెమ్మదిగా పేరుకుందా, లేక మనిషే తవ్వి పోశాడా? పిడికిట్లోకి తీసుకుంటే నాలుగూ దాదాపు ఒకేలా జిగటగా ఉంటాయి. కానీ వాటి మందం, కింద ఉండేది, పక్కకు పోయేకొద్దీ మారే తీరు వేరు. వరద బంక ఏటి ఒడ్డు మెరక వైపు పోయేకొద్దీ పలచబడి, ఒండ్రు ఇసుకలో కలిసిపోతుంది. దాని అంచు ఎప్పుడూ మసకే. మడుగు బంక ఇసుక మెరకను ఆనుకుని ఆగిపోతుంది. దాని అంచు చాలా చోట్ల పదునుగా ఉంటుంది. పోటు బంక పాత క్రీకుల వెంట కొమ్మలు కొమ్మలుగా పాకుతుంది. పుట్టుక తెలిస్తే గీత ఏ ఆకారంలో ఉండాలో సగం ముందే తెలిసిపోతుంది. మిగతా సగానికే ఆగర్, అంటే చేత్తో తిప్పుతూ నేలలోంచి మట్టి పైకి తీసే పనిముట్టు.

మీ చోటు ఈ పనికి చాలా మంచి చోటు. సుమారు 20,000 ఏళ్ల కిందట, చివరి మంచుయుగం ముదిరినప్పుడు సముద్రం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేది. తర్వాత పెరుగుతూ వచ్చి, 6,000 – 7,000 ఏళ్ల కిందటికి ఇప్పటి మట్టానికి దగ్గరగా వచ్చింది. అప్పటి తీరం మీ ముక్క దగ్గరే. కొల్లేరు ఆనాడు తీరాన్ని ఆనుకున్న ఉప్పునీటి మడుగు. దానికి దక్షిణాన కైకలూరు వైపున్న ఇసుక మెరకలు ఆ రోజుల్లో అలలు పోసిన గట్లు. తర్వాత కృష్ణ, గోదావరి రెండూ మేట వేసుకుంటూ సముద్రాన్ని వెనక్కి నెట్టాయి. ఇప్పుడు తీరం అక్కడికి పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంది. మడుగు మంచినీటి చెరువుగా మిగిలింది, ఉప్పుటేరు ఒక్కటే సముద్రంతో దాని పాత చుట్టరికం. అంటే మీ ముక్కలో అడుగున సముద్రపు బంక, దాని మీద ఇసుక గట్లు, గట్ల వెనక మడుగు బంక, అన్నిటి మీదా బుడమేరు, తమ్మిలేరు, పెద్ద నదుల వరదలు కప్పిన పలుచటి ఒండ్రు ఉంటాయని ముందే అనుకోవచ్చు. ఈ నాలుగు మాటలూ మీ లెజెండ్‌కు మొదటి చిత్తుప్రతి.

ఇక ముందు గీయాల్సింది బంకమట్టిని కాదు, ఇసుక మెరకల్ని. కనిపించేవి అవే. డెల్టాలో ఊళ్లు, పాత రోడ్లు, కొబ్బరితోటలు మెరకల మీద వరుసగా కూర్చుంటాయి, మధ్య పల్లాల్లో వరి. తీరానికి సమాంతరంగా సాగే ఊళ్ల వరుసలు పాత టోపోషీట్లలో ఇప్పటికంటే స్పష్టంగా కనిపిస్తాయి, ఎందుకంటే అప్పటికి చేపల చెరువులు లేవు. ఎక్కడ దొరికినా పాత ఎడిషన్ సంపాదించండి. డీఈఎం (నేల ఎత్తుల డిజిటల్ నమూనా) వాడేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఈ మెరకలు చుట్టుపక్కల కంటే ఒకటి రెండు మీటర్లు, మహా అయితే ఇంకొంచెం ఎత్తు. ఎస్ఆర్‌టీఎం లాంటి 30 మీటర్ల డేటాలో నిలువు పొరపాటే అంతకంటే ఎక్కువ. మరి గట్లు అందులో అంత చక్కగా ఎలా కనిపిస్తున్నాయి? చాలావరకు అది కొబ్బరి చెట్ల ఎత్తు. కొబ్బరి ఉన్న చోటల్లా ఇసుక గట్టు అని రాసేస్తే, చేపల చెరువు గట్టు మీద నాటిన కొబ్బరి కూడా పురాతన సముద్ర తీరమైపోతుంది.

దానికంటే నాకు నమ్మకమైనది వానల తర్వాతి చిత్రం. సెంటినెల్-1 రాడార్ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి, మేఘాలు అడ్డం కావు. పెద్ద వాన పడిన రెండు మూడు రోజులకు తీసిన చిత్రంలో నీళ్లు నిలిచిన పల్లాలు నల్లగా, మెరకలు తెల్లగా విడిపోతాయి. నాట్లప్పుడు తీసినది పనికిరాదు, అప్పుడు అన్ని పొలాల్లోనూ నీళ్లే.

ఫీల్డుకు ఎండాకాలం వెళ్లండి. దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. అప్పుడు కాలువ గట్టు లోపలివైపు ఎవరూ డబ్బు పెట్టకుండానే మీకు కిలోమీటర్ల కొద్దీ సెక్షన్ తెరిచి ఉంటుంది. పారతో పై పొర గీకేసి, తడి చేసి చూడండి. ఇటుక బట్టీల గుంతలు, కొత్తగా తవ్వుతున్న చెరువులు, పునాది గుంతలు కూడా అంతే. చేపల చెరువు గట్టు ఇంకొక ఉచిత సమాచారం: గట్టు కట్టిన మట్టి ఆ చెరువు లోపలి నుంచి తీసిందే. గట్టు మీద గుల్లలు, ఇసుక కనిపిస్తే మీటరు రెండు మీటర్ల లోతులో అవి ఉన్నట్టే. కాకపోతే క్రమం తలకిందులవుతుంది, కింద ఉన్నది పైకొస్తుంది.

ఆగర్ పని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, చాలామంది నష్టపోయేది ఇక్కడే. తీసిన ప్రతి కాటునూ (ఆగర్ ఒకసారికి పైకి తెచ్చిన మట్టిని) పక్కన పరిచిన ప్లాస్టిక్ షీటు మీద లోతు వరుసలో పెట్టండి. ప్రతి కాటులో పైన 5 సెంటీమీటర్ల మట్టి పారేయండి. అది గుంత గోడల నుంచి రాలినది, ఆ లోతుది కాదు. మిగిలిన ముక్కను చేత్తో విరచాలి, కత్తితో కోయకూడదు; కోస్తే బంక పూసుకుపోయి లోపలి పొరలు కనిపించవు. విరిచిన ముఖం మీద చూడాల్సినవి: ఇసుక సన్నటి దారాల్లా మధ్యమధ్య ఉందా, వేళ్ల గుర్తులున్నాయా, మచ్చలు ఏ రంగు? బూడిద రంగు బంకలో నారింజ, తుప్పు రంగు మచ్చలుంటే నీటిమట్టం అక్కడ ఏటా ఎక్కి దిగుతోంది. ఏ మచ్చా లేని నీలి బూడిద రంగు మొదలైతే అది ఎప్పుడూ నీళ్లలోనే ఉన్న పొర. ఆ రెంటి మధ్య గీత నిక్షేపాల హద్దు కాదు. ఒకే బంక పైన గోధుమ, కింద నీలం అవుతుంది. దాన్ని రెండు యూనిట్లుగా చూపించిన పటాలు నేను చాలా చూశాను.

రంగు మీద నాకున్న అపనమ్మకం అక్కడితో ఆగదు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసే ఉంటారు. అక్కడి ఎరుపు ఇసుక పడినప్పుడు వచ్చినది కాదు. తర్వాత ఇసుక రేణువుల మీద ఇనుము ఆక్సైడు పూతగా పట్టింది. నల్లరేగడి కూడా అంతే. నల్లగా కనిపిస్తే బసాల్ట్ మీదే పుట్టిందని రాసేస్తారు. ఆదిలాబాద్, వికారాబాద్ వైపు ఆ మాట నిజం. నంద్యాల దగ్గర కుందూ లోయలో అంతే నల్లటి రేగడి సున్నపురాయి, షేల్ మీద ఉంది.

చేతి పరీక్షకు వస్తే, నిమ్మకాయంత మట్టి తడిపి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రిబ్బన్‌లా తోయండి. 5 సెంటీమీటర్ల పైన తెగకుండా వస్తే బంక ఎక్కువే. తర్వాత అరచేతిలో పెట్టి పక్క నుంచి తట్టండి. పైన నీళ్లు మెరిసి, నొక్కగానే మాయమైతే అది సిల్ట్ (బంక కంటే కాస్త ముతక మట్టి), బంక కాదు. పంటి కింద కొంచెం పెట్టి చూడటం పాత పద్ధతి. సిల్ట్ కరకరమంటుంది, బంక నేతిలా జారుతుంది. రొయ్యల చెరువుల దగ్గర మాత్రం దయచేసి నోట్లో పెట్టకండి, వాటిలో ఏ మందులు పోశారో తెలియదు.

ల్యాబు ఫలితాలు తెచ్చుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. రేణువు పరిమాణం హద్దులు అందరికీ ఒకటి కావు. మనం భూగర్భశాస్త్రంలో వాడే స్కేలులో 4 మైక్రాన్ల లోపు బంక, 63 మైక్రాన్ల వరకు సిల్ట్. సివిల్ ఇంజినీర్లు వాడే భారతీయ ప్రమాణంలో 2 మైక్రాన్ల లోపు బంక, 75 మైక్రాన్ల వరకు సిల్ట్. అమెరికా నేల శాస్త్రవేత్తల లెక్కలో సిల్ట్ 50 మైక్రాన్ల దగ్గరే ఆగిపోతుంది. రోడ్ల కోసం తీసిన బోరు లాగ్, వ్యవసాయ సర్వే నివేదిక, మీ సొంత ఫలితం మూడూ ఒకే పట్టికలో పెట్టి శాతాలు పోల్చారంటే, లేని హద్దులు పుట్టుకొస్తాయి. ఏది ఏ లెక్కలో ఉందో ముందు రాసుకోండి.

ఇప్పుడు అసలు విషయం, మడుగు బంకనూ వరద బంకనూ ఎలా విడదీయాలి. గుల్లలు మొదటి ఆధారం. ఉప్పునీటి మడుగులో బతికే గుల్లలు, కడిగి మైక్రోస్కోపు కింద చూస్తే అమ్మోనియా (వాయువు కాదు, ఒక ప్రజాతి పేరు) లాంటి ఫొరామినిఫెరా, అంటే గుల్ల కట్టుకునే ఏకకణ జీవులు, దొరికితే అది మడుగుదో పోటుదో. గుల్ల ఎక్కడ దొరుకుతుందో ఊళ్లో పెద్దవాళ్లను అడగండి; గుల్ల సున్నం కాల్చిన రోజులు గుర్తున్నవాళ్లు చేత్తో చూపిస్తారు. రెండు చిప్పలూ మూసుకుని ఉన్న గుల్ల అక్కడే బతికి అక్కడే చచ్చినది. విడి చిప్పలు, అరిగినవి ఎక్కడి నుంచో కొట్టుకొచ్చి ఉండొచ్చు. రేడియోకార్బన్‌కు పంపే ఆలోచన ఉంటే మొదటి రకమే పంపండి. ఇసుక మెరకల వయసుకు గుల్లలు కాదు, ఓఎస్ఎల్ (ఇసుక రేణువు చివరిసారి వెలుగు చూసి ఎన్నాళ్లయిందో చెప్పే పద్ధతి) సరైనది.

గుల్లలు లేకపోతే? పోటు బంకలో, పాత మడ అడవి బంకలో కుళ్లిన గుడ్డు వాసన ఉంటుంది, నల్లగా కుళ్లిన వేళ్లు ఉంటాయి, హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే గట్టిగా నురగ వస్తుంది. అందులోని పైరైటు (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం), సేంద్రియ పదార్థం రెండూ నురగకు కారణమే, కాబట్టి నురగ ఒక్కటే చూసి తీర్పు చెప్పొద్దు. వరద బంకలో చిన్న చిన్న సున్నపు గుళ్లు, ఎండిన నెర్రెల గుర్తులు, మెరిసే జారుడు ముఖాలు దొరుకుతాయి. 10 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్కకు గుల్లా పొంగుతుంది, సున్నపు గుళ్లూ పొంగుతాయి. ఏది పొంగిందో నోట్‌బుక్‌లో రాయకపోతే ఆ పరీక్ష చేసీ చేయనట్టే. రైతుల్ని 'ఇక్కడ బంకమట్టేనా అండీ' అని అడిగితే అందరూ అవుననే అంటారు. వేసవిలో నెర్రెలు ఎంత లోతు విడుస్తాయి, బోరు నీళ్లు ఉప్పా చప్పా, వాన నీళ్లు ఎన్నాళ్లు నిలుస్తాయి అని అడగండి. మెరక మీది బావుల్లో తాగే నీళ్లు, పక్క పల్లంలో ఉప్పు నీళ్లు ఉన్నాయంటే మీ హద్దు ఆ రెంటి మధ్యే.

పటంలో ఎలా చూపించాలి? పైన కనిపించేదాన్ని మాత్రమే చూపిస్తే మీ ముక్కకు అన్యాయం. అర మీటరు వరద ఒండ్రు కింద మూడు మీటర్ల మెత్తటి మడుగు బంక ఉన్న చోటూ, అదే ఒండ్రు కింద ఇసుక ఉన్న చోటూ ఇల్లు కట్టేవాడికి రెండు వేర్వేరు లోకాలు. అమెరికాలో ఇల్లినాయి భూగర్భ సర్వే వాళ్లు 1988లోనే రాష్ట్రమంతా 15 మీటర్ల లోతు వరకు ఏ పొర మీద ఏ పొర ఉందో ఒకదాని మీద ఒకటి పేర్చి రాసే పద్ధతిలో పటం వేశారు. మీరు అంత లోతుకు పోలేరు, 3 మీటర్లు చాలు. 'ఒండ్రు, మీటరు లోపు. కింద మడుగు బంక' అనేది ఒక యూనిట్. 'ఒండ్రు, మీటరు లోపు. కింద గట్టు ఇసుక' ఇంకొకటి. మందం మీటరు దాటిందా లేదా అనేది ముందే నియమంగా పెట్టుకుని, పటం అంతటా అదే పాటించండి.

గీతల విషయంలో స్కేలు మర్చిపోకండి. 1:50,000లో ఒక మిల్లీమీటరు నేల మీద 50 మీటర్లు. 60 మీటర్ల వెడల్పున్న ఇసుక గట్టును పటంలో బహుభుజిగా చూపించాలనుకోవడం అత్యాశ. దాన్ని ఒక గీత గుర్తుతో చూపండి. చూసి తేల్చుకున్న హద్దుకు నిండు గీత, అంచనా వేసినదానికి తెగిన గీత, పైపొర కింద దాగినదానికి చుక్కల గీత. మీ పటంలో తెగిన గీతలే ఎక్కువ ఉంటాయి. ఉండాలి కూడా. డెల్టా పటంలో అన్నీ నిండు గీతలే కనిపిస్తే ఆ పటం ఆఫీసులో కూర్చుని వేసిందని నాకు వెంటనే అనుమానం.

మనిషి పోసిన మట్టికి తప్పకుండా వేరే యూనిట్ పెట్టండి. బ్రిటిష్ భూగర్భ సర్వే పటాల్లో పోసిన నేల, తవ్విన నేల, తవ్వి పూడ్చిన నేల అని విడివిడిగా ఉంటాయి. మీ దగ్గర అది ఇంకా ముఖ్యం. కొల్లేరులో 5వ కాంటూరు (సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు చూపే గీత) లోపలి భాగాన్ని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చెరువుల గట్లు తెగ్గొట్టారు. అక్కడ గట్టు మట్టి చుట్టూ పరుచుకుని ఉంటుంది. గడ్డలు గడ్డలుగా రంగులు కలిసిపోయి, పొర అనేది లేకుండా, మధ్యలో ప్లాస్టిక్ ముక్క కనిపిస్తే అది కొల్లేరు నిక్షేపం కాదు. ఇంకొకటి పాటి దిబ్బలు. పాత ఊళ్లు పడిపోయి పేరుకున్న బూడిద రంగు మట్టి దిబ్బ దూరం నుంచి అచ్చం సహజమైన మెరకలాగే ఉంటుంది. పెంకులు, బొగ్గు, ఎముకలు కనిపిస్తే ఆగర్ పక్కన పెట్టి, చోటు గుర్తించుకుని వచ్చేయండి. పాటి మట్టిని ఎరువుగా పొలాలకు తోలుకుపోతారు కాబట్టి చుట్టుపక్కల పొలాల పైపొరలో కూడా పెంకులు రావచ్చు. దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు.

మీ సర్ ఉబ్బే గుణం కూడా చూపించమన్నారని రాశారు. దానికి ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-రేలతో ఖనిజాలు గుర్తించే ల్యాబు పరీక్ష) కోసం ఆగకుండా ముందు ఫ్రీ స్వెల్ పరీక్ష చేసేయండి, భారతీయ ప్రమాణం 2720లో 40వ భాగం. 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన ఎండు మట్టి 10 గ్రాముల చొప్పున రెండు 100 మిల్లీలీటర్ల కొలజాడీల్లో వేసి, ఒకదాంట్లో డిస్టిల్డ్ నీళ్లు, ఇంకొకదాంట్లో కిరోసిన్ పోసి, గాలి బుడగలు పోయేలా కలిపి 24 గంటలు వదిలేయాలి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీళ్లలోది కిరోసిన్‌లోదాని కంటే ఎంత శాతం పెరిగిందో అదే లెక్క. స్మెక్టైట్ (నీళ్లు తాగి ఉబ్బే బంక ఖనిజం) ఎక్కువున్న రేగడి అక్కడే బయటపడుతుంది. కయోలినైట్ (ఉబ్బని బంక ఖనిజం) బంక పెద్దగా కదలదు. ద్వారకా తిరుమల వైపు రాజమండ్రి ఇసుకరాయిలో దొరికే పింగాణీ బంక తెచ్చి పక్కన పెట్టి చేస్తే తేడా కళ్ల ముందే కనిపిస్తుంది, సెమినార్‌లో చూపించడానికీ బాగుంటుంది.

ఇక బోర్ల లెక్క. గ్రిడ్ వేయకండి. గ్రిడ్ వేస్తే బంక మధ్యలో బంకను నిర్ధారించుకుంటూ వేసవంతా గడిచిపోతుంది. ఇసుక మెరకలకు అడ్డంగా మూడు దారులు ఎంచుకోండి, పడమర ఒకటి, మధ్యలో ఒకటి, తూర్పున ఒకటి. ప్రతి దారిలో మెరక నడినెత్తిన, వాలులో, పల్లం మధ్యలో ఒక్కో గుంత. పక్కపక్క గుంతలు రెండూ ఒకే మాట చెప్తే వాటి మధ్య ఇంకోటి వద్దు. వేరే మాట చెప్తే సరిగ్గా మధ్యలో ఇంకోటి, మళ్లీ తేడా వచ్చిన సగంలో ఇంకోటి. దూరం 100 మీటర్ల లోపుకు వచ్చాక ఆపేయండి, ఆపైన మీ స్కేలులో కనిపించదు. తర్వాత ఆ మూడు దారుల మధ్య హద్దును రాడార్ చిత్రం, ఊళ్ల వరుస, బావుల నీళ్ల రుచి పట్టుకుని కలపండి, తెగిన గీతతో. నీటిమట్టం కింద ఇసుక తగిలితే గుంత కూలిపోతుంది, మామూలు ఆగర్ పైకి ఏమీ తేదు. అక్కడ మొండిగా లాగకుండా 'ఇసుక, ఇంత లోతు నుంచి, అడుగు తెలియలేదు' అని రాసి పక్కకు పొండి. ఇంకా లోతు కావాలంటే భూగర్భ జల శాఖ బోరు లాగ్‌లు అడగండి, చేతి బోర్లు వేసే మేస్త్రీలను కూడా. ఏ ఊళ్లో ఎన్ని అడుగులకు ఇసుక తగిలిందో వాళ్లు నోటికి చెప్తారు.

మొదటి దారి పూర్తయ్యాక ఆ గుంతల లాగ్‌లు, విరిచిన ముక్కల ఫొటోలు స్కేలు పెట్టి ఇక్కడే పెట్టండి. పెరాక్సైడ్ ఎక్కడ పొంగిందో కూడా రాయండి. మడుగు బంకకూ పోటు బంకకూ మధ్య తేల్చుకోలేకపోతే ఆ రెండు గుంతల మట్టీ పారేయకుండా తడిగానే కవర్లో మూసి ఉంచండి. ఎండబెడితే పైరైటు ఆక్సీకరణం చెందిపోయి తర్వాత చూడటానికి ఏమీ మిగలదు.